కాసిం అచ్చుతప్పు కాదు

5 డిసెంబర్ 2003, శుక్రవారం

మ్యాట్నీకి వెళ్ళొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

కాసిం పేరు మార్చేశారు. కాశి అట.

మొదటి పావుగంట బాగానే నడిచింది. సర్వేయర్ చంద్రం భుజాన కొలత గొలుసు వేసుకుని తెర మీదికి వచ్చేసరికి హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. దాచుకోవడమెందుకు, చిన్నప్పుడు నెలనెలా ఆ బొమ్మల పుస్తకం తెచ్చే పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన మనిషి కదా. ఆ తరవాత లాంచీ ఇంజను దగ్గర వంగి, నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ కాసిం లేచి నిలబడ్డాడు. బొమ్మల్లో ఉన్నట్టే, ఆ గడ్డం, ఆ గళ్ళ చొక్కా. ఇంతలో చంద్రం "కాశీ, తాడు వెయ్యి" అన్నాడు. సరిగ్గా వినపడలేదనుకుని పక్కనున్న ప్రసన్నకుమారిని అడిగాను. మా కాలేజీలో హిస్టరీ చెబుతుంది, బొమ్మల కథలు ఎప్పుడూ చదవలేదు.

"కాశి అనే అన్నాడు మేడం. ఏం?"

ఏం అట.

ఇంటికొచ్చి నాయనతో చెప్పాను. పదకొండేళ్ళు మద్రాసు ప్రెస్సులో కూర్చుని ఆ కథ బొమ్మల బుడగల్లో ప్రతి అక్షరమూ తన చేత్తో రాసినవాడు. ఎగిరి పడతాడనుకున్నాను.

"సినిమా గదా. పోనీలే" అని మజ్జిగ పోసుకున్నాడు.

7 డిసెంబర్, ఆదివారం

తిరుపతి సదస్సు జనవరి 24న. తెలుగు బొమ్మల కథలూ వాటి సినిమాలూ. కన్వీనర్ వెంకటరమణ గారు నా పేరు వేసేశారు. పత్రం ఎలా సాగాలో ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటాను.

'సర్వేయర్ చంద్రం' 1966 నుంచి 1977 దాకా నూటముప్పై రెండు నెలలు వచ్చింది. రాసిందీ బొమ్మలు వేసిందీ పలమనేరు తిరుమలయ్య గారే. చంద్రం కొండలూ దీవులూ కొలుస్తూ ప్రమాదాల్లో పడతాడు. లాంచీ నడిపే కాసిం తాళ్ళతో, ఇంజన్లతో, బుర్రతో బయటికి లాగుతాడు. 'ఉప్పుదీవి' కథలో చంద్రం రాతి చీలికలో పడిపోతాడు. ఆ తరవాత నాలుగు పేజీలు ఒక్క మాట ఉండదు. కాసిం చేతులు మాత్రమే. ముడి వేస్తాయి, విప్పుతాయి, మళ్ళీ వేస్తాయి. ప్రతి బొమ్మలో వెలుగు కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. చివరి బొమ్మలో తాడు బిగుసుకుంటుంది. పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో చూపించడు. చదివేవాళ్ళ అరచేతులు చెమట పట్టాలంటే అదీ బొమ్మ.

మొదటి సినిమా 1979ది. అందులో కాసిం దయ్యాలను చూసి పరిగెత్తుతాడు. సీనుకోసారి బిర్యానీ అడుగుతాడు. ఇంటర్వెల్‌కు ముందే చచ్చిపోతాడు, ఆ తరవాత వాడి ఊసు ఎవరూ ఎత్తరు. ఇప్పటి సినిమాలో తాడు ఉంది, చీలిక ఉంది, ఆ చేతులూ ఉన్నాయి. చాలా శ్రద్ధగా తీశారు. పేరొక్కటే లేదు. అప్పుడు పేరు ఉంచి మనిషిని తీసేశారు, ఇప్పుడు మనిషిని ఉంచి పేరు తీసేశారు.

ఇదే నా పత్రం. ఆ రోజుల్లో ఒక పల్లెటూరి హిందూ రచయిత తన కథానాయకుడి ప్రాణం ప్రతి నెలా ఒక సాయిబు చేతుల్లో పెట్టాడన్నది దాని గుండెకాయ. తిరుమలయ్య గారి ఔదార్యం మీదే పద్నాలుగు పేజీలయ్యాయి.

12 డిసెంబర్

నాయనను సినిమాకు రమ్మన్నాను. వద్దులే అన్నాడు. మళ్ళీ అడిగినా వద్దులే అన్నాడు.

16 డిసెంబర్, మంగళవారం

నేను పంపిన పత్రం చదివి వెంకటరమణ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, పత్రం బ్రహ్మాండంగా ఉండాది. ఆ పేరు సంగతి ఒక్కటి తీసేస్తే సరిపోతాది. బొమ్మల పనితనం గురించి చెప్పండి, చాలు."

"పత్రమే ఆ పేరు గురించి సార్."

"నిజమే. కానీ ఆ మాట నేను చెప్తే ఒక రకంగా ఉంటాది, మీరు చెప్తే ఇంకో రకంగా ఉంటాది."

"ఎట్లా సార్?"

"మీకు తెలీనిదా అమ్మా."

నాకేం తెలుసో ఆయనకెలా తెలుసు? పదిహేనేళ్ళుగా ఛందస్సు చెబుతున్నాను. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా హాజరు పట్టీలో ఉమ్మే హబీబా అనే పేరు చూసి, మీరు ఉర్దూ మేడం కదా అంటారు. కాదు. తెలుగు మేడంను.

ఆ భాగం తీసేశాను. ఇరవై నిమిషాలే ఇచ్చారు గనక తీసేశాను. ఇంత పొడుగు పత్రం చదివితే ఎవరు వింటారు? కారణం సమయమే.

17 డిసెంబర్

కారణం సమయమే.

28 డిసెంబర్, ఆదివారం

ఈ రోజు పేపర్లో తిరుమలయ్య గారి కొడుకు అమర్‌నాథ్ ఇంటర్వ్యూ పడింది. సినిమావాళ్ళకు కథ ఇచ్చింది ఈయనే. పెద్దాయన పోయి పన్నెండేళ్ళు. కొడుకు నవ్వుతున్న ఫోటో. విలేకరి అడిగాడు, కాసిం కాశి ఎందుకయ్యాడు అని. జవాబు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను: "కాసిం అనేది అచ్చుతప్పు. నాన్నగారి రాతప్రతుల్లో కాశి అనే ఉంది. మేం అసలుకు తిరిగి వెళ్ళాం, అంతే."

అచ్చుతప్పా!

నూటముప్పై రెండు నెలలు అచ్చుతప్పా! ఒక నెల తప్పు పడితే తరవాతి నెల దిద్దుకోరా? పిల్లలు వేలకు వేలు ఉత్తరాలు రాస్తే ఎవరి పేరు మీద రాశారు? తప్పు మీద రాశారా? సంపాదకులకు అక్కడికక్కడే ఉత్తరం రాసి పోస్టు చేసి వచ్చాను. నాయనకు పేపరు చూపించాను. అద్దాలు పెట్టుకుని చదివాడు. అద్దాలు తీశాడు. మడిచి ఇచ్చాడు.

"ఏమంటావు నాయనా? నువ్వు గదా రాసింది!"

"లారీ పనుండాది రేపు. బంగారుపాళ్యం పోవాల" అన్నాడు.

తీసేసిన భాగం మళ్ళీ పెట్టేస్తున్నాను. సమయం సరిపోతే సరిపోతుంది, లేకపోతే లేదు.

31 డిసెంబర్

నా ఉత్తరం వెయ్యలేదు.

3 జనవరి 2004, శనివారం

రాతప్రతులు చూపించమని అడిగితే అమర్‌నాథ్ రమ్మన్నాడు. ఉన్నాయంటున్నాడే గానీ చూపించడులే అనుకుని పలమనేరు వెళ్ళాను.

చూపించాడు. రేకు పెట్టెల్లో నెలవారీగా కట్టలు కట్టి ఉన్నాయి. మనిషి మర్యాదస్తుడే. చలిగా ఉందని ఎండ పడే చోట కుర్చీ వేయించాడు. కాఫీ ఇప్పించాడు. "మీరు తెలుగు చెప్తారా! భలే మేడం" అన్నాడు. ఆ భలే ఎందుకో అడగలేదు.

మొదటి కట్ట విప్పాను. తిరుమలయ్య గారి గుండ్రటి అక్షరాలు. *కాశి: భయపడవద్దు చంద్రం, తాడు వేస్తున్నాను.* రెండో కట్ట. కాశి. 'ఉప్పుదీవి' కట్ట. కాశి. 1970. 73. 77 చివరి నెల. కాశి, కాశి, కాశి. ఒక్క చోటైనా కాసిం ఉంటుందని మూడు గంటలు వెతికాను. వేళ్ళకు దుమ్ము పట్టింది గానీ దొరకలేదు.

"నేను అబద్ధం చెప్పలేదు గదా మేడం" అన్నాడు అమర్‌నాథ్. గెలిచినట్టు అనలేదు. అందుకు మరీ కోపం వచ్చింది.

నా పద్నాలుగు పేజీలు బస్సు ఎక్కేలోపే చచ్చిపోయాయి. బంగారుపాళ్యం వచ్చేసరికి కూర్చోలేక దిగిపోయాను. హైవే పక్కన లారీలకు బాడీలు కట్టే షెడ్డులో నాయన ఉన్నాడు. మామిడి సీజను రాకముందే రంగులన్నీ కావాలి కాబట్టి ఇప్పుడే పని. ఒక లారీ వెనక పలక మీద ఓనరు కూతురి పేరు రాస్తున్నాడు. పసుపు మీద ఎరుపు.

"పలమనేరు పోయొస్తా ఉండా నాయనా. అన్నీ సూసినా. అన్నింట్లో కాశి అనే ఉండాది."

బ్రష్షు ఆగలేదు. అక్షరం పూర్తి చేసి, వెనక్కి జరిగి చూసుకుని, అప్పుడు అన్నాడు.

"ఉంటాది."

"అయితే అచ్చుతప్పేనా?"

"కాదు. నేనే రాసినా."

నాకు అర్థం కాలేదు. కింద పెట్టిన టైరు మీద కూలబడ్డాను. నాయన కిరసనాయిల్లో బ్రష్షు ముంచి గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాడు.

"మొదటి నెలది. బొమ్మ ముందర పెట్టుకోని, ఆయన రాసింది సూసి బుడగల్లో రాస్తా ఉండా. ఇంజను బాగు చేస్తా ఉన్నాడు వాడు. ఆ చేతులు సూస్తే మన వీధిలో బోరింగులు బాగుచేసే కాసిం లేడూ, అచ్చం వాడి చేతులే. అప్పటికి ఆ ప్రెస్సులో మూడేండ్లుగా రాస్తా ఉండాను. రాజులు, రాకుమారులు, మునులు, పులులు, ఎలుగుబంట్లు. అందరి మాటలూ నేనే రాసినా. మనోడు ఒక్కడు లేడు దాంట్లో. ఒక్కడుంటే ఏం పోతాది అనిపించింది. శిని సి చేసి, పక్కన సున్నా పెట్టినా."

"ఎవురూ అడగలేదా?"

"ఆ నెలంతా నిద్ర లేదు నాకు. పని తీసేస్తారనే అనుకున్నా. పుస్తకం వచ్చినాక ప్రెస్సు ఓనరు సూసినాడు. తిరుమలయ్య గారు ఆ పొద్దు ఆడనే ఉన్నాడు. పేజీ తీసుకోని చానాసేపు సూసినాడు. ఎవురప్పా రాసింది అన్నాడు. నేనే సార్ అన్నా. అక్షరం బాగుండాది అన్నాడు. అంతే."

"అంతేనా!"

"తరవాతి నెల మళ్ళీ కాశి అనే రాసి పంపించినాడు. నేను మళ్ళీ కాసిం అనే రాసినా. కడదాకా అంతే. ఆయన కాశి అనేది, నేను కాసిం అనేది."

"పదకొండేండ్లు! ఒక్కసారైనా ఆయన్ని అడగలేదా నువ్వు? ఆయనైనా నిన్ను అడగలేదా?"

"అడిగితే ఎవురో ఒకరు నిలిపేయాల గదా బేటా."

లారీ అటుపక్క వెల్డింగు చప్పుడు. నాయన మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు.

"ఇది నీకు చెప్పినా. పత్రంలో రాసేది గాదు. ఒకరి కథలో నేను చెయ్యి పెట్టినా. అది మంచి పనేం గాదు. ఎవురికీ చెప్పద్దు."

సరే అన్నాను.

4 జనవరి

కోపం ఎవరి మీదో తేలడం లేదు. అమర్‌నాథ్ నిజం చెప్పాడు. తిరుమలయ్య గారు ఔదార్యవంతుడో, ఊరికే మాట్లాడకుండా ఉన్న మనిషో ఇక ఎప్పటికీ తెలియదు. నేను పద్నాలుగు పేజీలు పొగిడింది మా నాయన చేసిన దొంగపనిని.

దొంగపని అని రాశాను. కొట్టేద్దామనుకుని కొట్టెయ్యలేదు.

11 జనవరి, ఆదివారం

'ఉప్పుదీవి' మళ్ళీ చదివాను. మాటల్లేని ఆ నాలుగు పేజీలూ అయిపోయాక ఐదో పేజీలో ఒకే ఒక బుడగ ఉంది. చీలికలోంచి చంద్రం పిలుస్తాడు. "కాసిం!" అంతే. బుడగ కొంచెం పెద్దదిగా ఉంటుంది, అక్షరాలు కింద కొంచెం వణికినట్టుంటాయి. చిన్నప్పుడు నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట అదేనని అమ్మ చెప్పేది. సున్నా ఎలా పలకాలో నాకు వచ్చింది దానితోనే. పత్రంలో దీన్ని రచయిత ప్రతిభ అని రాశాను. బొమ్మ ఆయనది. పిలుపు?

20 జనవరి

బొమ్మల పనితనం మీద పన్నెండు పేజీలు సిద్ధం. పేరు సంగతి లేదు. మాట ఇచ్చాను కాబట్టి. ఈసారి కారణం నిజంగా అదే.

24 జనవరి, శనివారం, తిరుపతి

చెప్పేశాను.

వరసగా రాస్తాను. పొద్దున్నే సభ. ముఖ్య అతిథి అమర్‌నాథ్. నాకంటే ముందు ఆయన మాట్లాడాడు. తండ్రి గురించి బాగానే చెప్పాడు. మామిడి తోటలో చాప మీద కూర్చుని బొమ్మలు వేసేవాడట, సిరా ఆరేదాకా పిల్లల్ని అటు రానిచ్చేవాడు కాదట. ఆ తరవాత సినిమా దగ్గరికి వచ్చాడు. "పేరు గురించి కొందరు బాధపడతా ఉన్నారు. ప్రెస్సులో ఎవురో చదువు రానోడు చేసిన తప్పది. దాన్ని పట్టుకోని మనం ఇంత పెద్ద చేసుకోకూడదు" అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. వెంకటరమణ గారూ నవ్వారు.

నా వంతు వచ్చింది. పన్నెండు పేజీలూ చేతిలో ఉన్నాయి. మొదటి పేజీ చదివాను. రెండోది చదివాను. మూడో పేజీ తిప్పబోతుంటే చెయ్యి ఆగిపోయింది. చదువు రానోడు. మా నాయన దగ్గర ఒత్తులు దిద్దుకునే నేను ఈ మైకు దాకా వచ్చాను. చదువు రానోడు!

"ఆ పేర్లు రాసిన మనిషి నాకు తెలుసు" అన్నాను. "ఆయన పేరు ఇమాంసాహెబ్. చిత్తూరు. మా నాయన."

మొత్తం చెప్పాను. చేతులు, బోరింగుల కాసిం, సున్నా, ఓనరు, తిరుమలయ్య గారు చానాసేపు చూసిన పేజీ. రాతప్రతుల్లో చివరిదాకా కాశి అనే ఉందనీ, నా కళ్ళతో చూశాననీ, అమర్‌నాథ్ గారు చెప్పింది నిజమనీ కూడా చెప్పాను. ఇరవై నిమిషాలు దాటిపోయాయి. వెంకటరమణ గారు చీటీ పంపారు. చదవకుండా కింద పెట్టాను.

అమర్‌నాథ్ కూర్చున్న చోటునుంచే అన్నాడు. "అయితే తప్పే గదా మేడం? మా నాయన రాసింది ఒకటి, ఆయన మార్చింది ఒకటి."

"అచ్చుతప్పు తెలియక పడేది సార్. మా నాయన తెలిసే రాసినాడు. నూటముప్పై రెండు నెలలు, ఏ నెలకా నెల తెలిసే రాసినాడు. మీ నాయన తెలిసే ఊరుకున్నాడు. దాన్ని మీరు ఇంకేమైనా అనండి. అచ్చుతప్పు మాత్రం అనొద్దండి."

పన్నెండు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చి కూర్చున్నాను.

భోజనాల దగ్గర వెంకటరమణ గారు నా ముఖం చూడలేదు. సదస్సు పుస్తకంలో నా పత్రం ఉండదని ఆయన అసిస్టెంటు వచ్చి చెప్పి వెళ్ళింది. అమర్‌నాథ్ మాత్రం విస్తరి ముందునుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మా నాయనకు నిజంగా తెలుసునా?"

"తెలుసు."

"మాతో ఎప్పుడూ అనలేదే" అన్నాడు. తనకు చెప్పకుండా అందరూ తిరునాళ్ళకు వెళ్ళొస్తే చిన్నపిల్లాడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. జాలి పడాల్సింది. చదువు రానోడు అన్న మాట ఇంకా చెవిలో ఉంది. పడలేదు.

25 జనవరి

నాయనతో నేనే చెప్పాను, ఇంకెవరి నోటినుంచో వినడం ఎందుకని.

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

"నా పేరు చెప్పి?"

"చెప్పి."

లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

26 జనవరి

మాట్లాడలేదు.

27 జనవరి

మాట్లాడలేదు. అన్నం తానే పెట్టుకున్నాడు. నాకూ పెట్టాడు. మాట మాత్రం లేదు.

నేను చేసింది న్యాయం. ఆయన కోసమే చేశాను.

28 జనవరి, బుధవారం

పైన రాసింది చదువుకున్నాను. ఆయన కోసం కాదు. చదువు రానోడు అన్నది నా చెవిన పడింది కాబట్టి, నాకు మండింది కాబట్టి చేశాను. ఆయన చెప్పొద్దన్నాడు. నేను సరే అన్నాను. పక్కవాడి కథలో తను చెయ్యి పెట్టానని పదకొండేళ్ళూ ఆ తరవాత పాతికేళ్ళూ ఆయన లోపల్లోపల సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును తీసుకెళ్ళి మైకులో పెట్టాను. నేనూ ఒకరి కథలో చెయ్యి పెట్టినట్టే.

అయినా మళ్ళీ అదే హాలు, అదే మాట ఎదురైతే ఊరుకుంటానా? ఊరుకోను.

సాయంత్రం నాయన ముందు కూర్చుని, "నీ మాట దాటినాను, తప్పు నాది" అన్నాను. బదులు లేదు. వినలేదని కాదు, విన్నాడు.

1 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఆ సినిమా ఇంకా ఉండాదా?"

పోయిన ఆదివారం తరవాత మళ్ళీ ఆదివారానికి ఇదే మొదటి మాట. పెద్ద హాలునుంచి తీసేసి బస్టాండు వెనక చిన్న హాల్లో వేస్తున్నారు. మార్నింగ్ షోకు వెళ్ళాం. జనం పెద్దగా లేరు. రేపు బక్రీదు కదా, మనవాళ్ళెవరూ ఈ రోజు సినిమాలకు రారు. నాయన సీటు అంచున కూర్చుని, ముందు సీటు మీద రెండు చేతులూ పెట్టుకుని చూశాడు. నేను తెరకంటే ఆయన్నే ఎక్కువ చూశాను. చీలిక సీను వచ్చినప్పుడు ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు. చంద్రం "కాశీ!" అని అరిచాడు. నాయన తల ఊపాడు.

అయిపోయాక పేర్లు పడుతుంటే లేవలేదు. అక్షరం అక్షరం చదివాడు. కథ, తిరుమలయ్య అని వచ్చేదాకా కూర్చుని, అది చూసి లేచాడు. బయటికొచ్చాక ఆగలేక అడిగాను.

"ఎట్లుండాది నాయనా?"

"బాగా తీసినారు. చంద్రం వేసినోడు ఉత్త దండగ. ఆ కాశి పిల్లోడు సూడు, ఏం చేసినాడు! తాడు ముడి కూడా సరిగ్గా వేసినాడు."

"కాశి ఏంది నాయనా! వాడు కాసిం!"

"కాదు బేటా." ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పోస్టరు వైపు చూశాడు. "వాడు తిరుమలయ్య గారి కాశి. ఆయన నెలనెలా పంపిస్తానే ఉన్నాడు, నేను రానీకుండా తొక్కిపెట్టినా. ఇన్నాళ్ళకి బయటపడినాడు పాపం. సూసినాక మనసు తేలికయ్యింది."

"మరి మనోడు?"

"మనోడికేం. నూటముప్పై రెండు పుస్తకాల్లో ఉండాడు. వాడిని ఎవురు తీసేస్తారు? వాడు వేరే, వీడు వేరే."

నేను ఒప్పుకోలేదు. నీకు మనసు తేలికైతే అయ్యుండొచ్చు, వాళ్ళు చేసింది అన్యాయమే అన్నాను. ఆటో ఎక్కాక కూడా అన్నాను. 1979 సినిమా సంగతేంది మరి, బిర్యానీ సంగతేంది అన్నాను. నాయన దేనికీ అవునని అనలేదు, కాదని అనలేదు. మలుపు దగ్గర ఆటో కుదుపుకు నా చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.